రేడియో విమానానికి ఎన్ని వాట్లు కావాలి?

ప్రశ్న: చిత్తూరుకు దగ్గరలోని మా ఊళ్లో, బాల్సా చెక్కతో 1.4 మీటర్ల రెక్కలున్న విమానాన్ని సొంతంగా తయారుచేసుకుని ఎగరేస్తున్నాను. నా ట్రాన్స్‌మిటర్ 2.4 గిగాహెర్ట్జ్‌ది, 100 మిల్లీవాట్లని దాని మీద రాసి ఉంది. మామిడి తోపు అవతల, సుమారు 300 మీటర్ల దూరంలో మలుపు తిప్పేటప్పుడు ఒక్కోసారి విమానం నా మాట వినడం లేదు. ఈ మధ్య చెనక్కాయ చేలో పడి ముక్కు విరిగింది. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాను ఎప్పుడూ విమానం వైపే గురిపెట్టి ఉంచుతాను. రిసీవర్ తీగలు రెండింటినీ బాడీ లోపల, తోక దాకా పోయే కార్బన్ గొట్టం పక్కనే టేపుతో అతికించాను. అమెరికా నుంచి వస్తున్న మా బావమరిది 915 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1 వాట్ మాడ్యూల్ తెస్తానంటున్నాడు. ఇక్కడి మిత్రుడొకరు ఉన్న సెట్‌కే 2 వాట్ల బూస్టర్ తగిలించమంటున్నారు. చట్టం ఎన్ని వాట్ల వరకు ఒప్పుకుంటుంది? ఈ రెండింటిలో ఏది మంచిది? తిరుపతిలోని మిత్రులతో కలిసి అక్కడ కూడా ఎగరేయాలని ఉంది. అందుకు అడ్డంకులేమైనా ఉన్నాయా?

— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: రెండూ వద్దు. మొదటిది మన దేశంలో సెల్‌ఫోన్లకు కేటాయించిన పౌనఃపున్యాల్లోకి చొరబడుతుంది. రెండవది మన నిబంధనల పరిమితిని దాటుతుంది. ఈ అభ్యంతరాలను కాసేపు పక్కన పెట్టినా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ విమానం పడిపోవడానికి కారణం వాట్ల కొరత కాదని నాకు దాదాపు నమ్మకంగా ఉంది. ముందుగా మీరు అడిగిన చట్టం సంగతి చూసి, ఆ తర్వాత విమానం దగ్గరకు వద్దాం.

మన దేశంలో రేడియో తరంగాలను ప్రసరింపజేసే ఏ పరికరానికైనా మామూలుగా లైసెన్సు ఉండాలి. ఆ వ్యవహారాలను టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే అందరూ డబ్ల్యూపీసీ అని పిలిచే విభాగం, చూస్తుంది. అయితే తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు కొన్ని పౌనఃపున్య పట్టీలలో లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వం ఎప్పటికప్పుడు నోటిఫికేషన్లు ఇస్తూ వచ్చింది. మీ సెట్‌కు వర్తించేది 2005 జనవరిలో వెలువడిన జీఎస్ఆర్ 45(ఈ) నోటిఫికేషన్. దాని ప్రకారం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో, కనీసం 10 మెగాహెర్ట్జ్ మేర విస్తరించిన సంకేతానికి ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడే శక్తి 1 వాట్ దాటకూడదు. యాంటెన్నా నుంచి ఒక దిశలో ప్రసరించే శక్తి 4 వాట్లు దాటకూడదు. యాంటెన్నా ఎత్తు భవనం పైకప్పు నుంచి 5 మీటర్లకు మించరాదని కూడా అందులో ఒక షరతు ఉంది. ఈ నిబంధన రాసినవారి మనసులో ఆఫీసుల్లోనూ ఇళ్లలోనూ వాడే వైర్‌లెస్ నెట్‌వర్కులే తప్ప బీడు భూమిలో విమానం ఎగరేసేవారు లేరని ఆ షరతు చదివినవారికి ఇట్టే అర్థమవుతుంది. అయినా మనకు దక్కిన మినహాయింపు అదే కనుక, మనం నడుచుకోవలసినదీ దాని ప్రకారమే.

ఇక్కడ రెండు వేర్వేరు అంకెలున్నాయని గమనించండి. ట్రాన్స్‌మిటర్ పెట్టె లోపలి నుంచి యాంటెన్నాకు చేరే శక్తి ఒకటి. యాంటెన్నా ఆ శక్తిని ఒక దిశలోకి కూడగట్టి పంపినప్పుడు ఆ దిశలో కనిపించే బలం ఇంకొకటి. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు; అన్ని వైపులకూ పోవలసిన దాన్ని కొన్ని వైపులకు మళ్లిస్తుంది, అంతే. అలా మళ్లించడం వల్ల కలిగే లాభాన్ని డీబీఐలలో చెబుతారు. శక్తిని డీబీఎంలలోకి (1 మిల్లీవాట్ కంటే ఎన్ని రెట్లో చెప్పే కొలత; ప్రతి 10 డీబీకి శక్తి పది రెట్లు) మార్చుకుంటే లెక్క కూడికలతోనే తేలిపోతుంది: 100 మిల్లీవాట్లు అంటే 20 డీబీఎం, 1 వాట్ అంటే 30, 4 వాట్లు అంటే 36. మీ సెట్ 20 డీబీఎం ఇస్తుంది. దానితో వచ్చే మామూలు కడ్డీ యాంటెన్నా లాభం 2 డీబీఐ అనుకుంటే మొత్తం 22, అంటే సుమారు 160 మిల్లీవాట్లు. చట్టం అనుమతించిన 4 వాట్లలో అది ఇరవై ఐదో వంతు మాత్రమే. కాబట్టి ఇప్పుడు మీరు వాడుతున్న సెట్ శక్తి విషయంలో మీకు ఏ భయమూ అక్కరలేదు.

మీ మిత్రుడు చెప్పిన 2 వాట్ల బూస్టర్‌ను ఇదే లెక్కలో పెట్టండి. 2 వాట్లు అంటే 33 డీబీఎం. మామూలు కడ్డీతో 35 డీబీఎం, అంటే 3.2 వాట్ల దగ్గర ఆగుతుంది కాబట్టి పరవాలేదని ఎవరైనా మీతో వాదించవచ్చు. కాని ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడే శక్తికి విడిగా ఉన్న 1 వాట్ హద్దును అది ముందే దాటేసింది. దానికి 5 డీబీఐ యాంటెన్నా తగిలిస్తే 38 డీబీఎం, అంటే సుమారు 6.3 వాట్లు అవుతుంది. అప్పుడు రెండు హద్దులూ దాటినట్టే. ఇదే పొరపాటు చట్టబద్ధమైన 1 వాట్ సెట్‌తో కూడా జరగవచ్చు: దానికి 8 డీబీఐ పలక యాంటెన్నా బిగించినవారు తమకు తెలియకుండానే 38 డీబీఎంకు చేరుకుంటారు. అలాంటి యాంటెన్నా వాడదలచినవారు సెట్ మెనూలో శక్తిని కనీసం 2 డీబీ తగ్గించుకోవాలి.

బూస్టర్ మీద నాకున్న అభ్యంతరం అంకెలతో అయిపోదు. ఈ పరికరాలకు లైసెన్సు అక్కరలేకపోయినా, అమ్మే నమూనాకు ఈటీఏ అనే ఆమోద పత్రం ఉండాలి. ఆ పత్రం పరీక్షకు పెట్టిన నమూనాకు, అది ఉన్నది ఉన్నట్టుగా వాడినప్పుడు వర్తిస్తుంది. మధ్యలో ఒక బూస్టర్ చేరితే అది వేరే పరికరం అవుతుంది. పైగా చవక బూస్టర్లు అసలు సంకేతంతో పాటు దాని రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాల దగ్గర కూడా అనవసరపు తరంగాలను వెదజల్లుతాయి. ఈ తరహా సెట్లలో సంకేతం రెండు వైపులా నడుస్తుంది. విమానంలోని రిసీవర్ బ్యాటరీ వోల్టేజీని, సంకేత బలాన్ని తిరిగి పంపుతుంది. పంపే దారిని పెంచి వినే దారిని సరిచూడని బూస్టర్ ఉంటే ఆ కబుర్లు మీకు చేరడం మానేస్తాయి. విమానంలో ఏం జరుగుతోందో చెప్పే ఏకైక సాక్షిని పోగొట్టుకున్నట్టే కదా.

ఇక 915 మెగాహెర్ట్జ్ సంగతి. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అందుకే అక్కడి మాడ్యూళ్లు ఆ పట్టీలో ఒక పౌనఃపున్యం నుంచి ఇంకొక పౌనఃపున్యానికి గెంతుతూ పనిచేస్తాయి. మన దేశంలో 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ వరకు సెల్‌ఫోన్లు టవర్లకు మాట పంపే దారి. అమెరికన్ మాడ్యూల్ గెంతే చోట్లలో దాదాపు సగం ఆ దారిలోనే పడతాయి. టవర్ ఆ పట్టీలో దూరాన ఉన్న ఫోన్ల బలహీనమైన సంకేతాల కోసం చెవులు రిక్కించి ఉంటుంది. ఫోన్ ఎంత శక్తితో పంపాలో టవర్ అనుక్షణం ఆదేశిస్తూ, అవసరానికి మించి పెరగకుండా అదుపు చేస్తుంది. మీ మాడ్యూల్ మాత్రం ఏ టవర్ మాటా వినదు, మైదానంలో నిలబడినంతసేపూ 1 వాట్‌తో అరుస్తూనే ఉంటుంది. పల్లెల్లో ఒకే టవర్ మీద ఎన్ని ఊళ్లు ఆధారపడతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అది మినహాయింపు ఉన్న పట్టీ కాదు. కాబట్టి అందులో శక్తి 1 వాట్ అయినా 10 మిల్లీవాట్లు అయినా లైసెన్సు లేకుండా వాడటం తప్పే. కస్టమ్స్ దగ్గర ఆపేస్తారా లేదా అన్నది వేరే ప్రశ్న; ఆపకపోయినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

తక్కువ పౌనఃపున్యమే కావాలనుకుంటే మన దేశంలో అందుకు కేటాయించిన చోటు 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 865 నుంచి 867 వరకు 2005లోనే మినహాయింపు వచ్చింది; 2021లో దానిని 868 దాకా పొడిగించారు. అక్కడ ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, ప్రసరించే శక్తి 4 వాట్లు. అభిరుచి కోసం వాడే కొన్ని మాడ్యూళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఇండియా కోసం 866 అనే ఎంపిక విడిగా ఉంటుంది. అయితే ఒక మెలిక ఉంది. ఈ పట్టీని మొదట మినహాయించిన నిబంధనల్లో సంకేతం వెడల్పు 200 కిలోహెర్ట్జ్ అని రాశారు. అభిరుచి మాడ్యూళ్లలో చాలావాటి సంకేతం 500 కిలోహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. అందువల్ల మెనూలో ఇండియా అని కనిపించగానే సంతోషపడకుండా, ఆ నమూనాకు ఇక్కడి ఈటీఏ ఉందా అని అమ్మేవారిని అడగండి. లేదంటే కొనకండి. అసలు మీ అవసరానికి ఈ పట్టీ అక్కరలేదని నా అభిప్రాయం. ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

పాత సెట్లు అటకల మీద దొరుకుతుంటాయి కనుక వాటి గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో విమానాల కోసమే 72 మెగాహెర్ట్జ్ పట్టీని 0.75 వాట్ పరిమితితో ఇచ్చారు. బ్రిటన్‌లో 35 మెగాహెర్ట్జ్‌లో 100 మిల్లీవాట్లు. ఆ అనుమతులు ఆ దేశాలవే. సెట్‌తో పాటు సముద్రం దాటి రావు. మన దగ్గర 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు 5 వాట్ల దాకా మినహాయింపు ఉంది, బొమ్మ కార్లు నడిచేది ఎక్కువగా అక్కడే. కాని రద్దీగా ఉండే ఆ పట్టీ మీద విమానాన్ని నమ్మి వదలమని నేను ఎవరికీ చెప్పను.

యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌లో ప్రసరించే శక్తికి 100 మిల్లీవాట్లే హద్దు. మీ సెట్ మీద ఆ అంకె ఉండటానికి బహుశా కారణం అదే; ఎక్కడైనా అమ్ముకోవడానికి వీలుగా చాలామంది తయారీదారులు ఆ హద్దుకు లోబడే సెట్లు చేస్తారు. ఆ హద్దులోనే యూరప్‌లో వేలాదిమంది ఏళ్ల తరబడి మీ విమానం కంటే పెద్ద వాటిని ఎగరేస్తున్నారు. అలాంటప్పుడు మీ విమానం 300 మీటర్ల దగ్గర ఎందుకు మొరాయించాలి?

లెక్క చూద్దాం. అడ్డులేని ఆరుబయట 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం 300 మీటర్లు ప్రయాణిస్తే సుమారు 90 డీబీ బలం కోల్పోతుంది. మీరు 20 డీబీఎంతో పంపితే విమానం దగ్గరకు చేరేది మైనస్ 70 డీబీఎం. ఈ కాలపు రిసీవర్లు మైనస్ 95 వరకు, మంచివైతే మైనస్ 105 దాటినా అర్థం చేసుకుంటాయి. తక్కువలో తక్కువగా చూసినా మీకు 25 డీబీ మిగులు ఉంది. 25 డీబీ అంటే మూడు వందల రెట్లకు పైమాటే. ఆ లెక్కన అన్నీ సవ్యంగా ఉంటే 300 మీటర్లకు మిల్లీవాట్‌లో మూడో వంతు చాలు. మీ చేతిలో 100 ఉన్నాయి. దీనికి 2 వాట్ల బూస్టర్ తగిలిస్తే మరో 13 డీబీ కలుస్తుంది. దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి కనుక, ఇరవై రెట్లు శక్తి పెంచినా దూరం నాలుగున్నర రెట్లే పెరుగుతుంది. ఉన్న మిగులును ఏదో దొంగిలిస్తోంది. ఆ దొంగను పట్టుకోకుండా 13 డీబీ తెచ్చి పోస్తే దానిని కూడా అది మింగేస్తుంది.

మీ ఉత్తరంలోనే అనుమానితులు ముగ్గురు కనిపిస్తున్నారు. మొదటిది, యాంటెన్నాను విమానం వైపు గురిపెట్టడం. తుపాకీ వాడే అలవాటుతో చాలామంది ఇలాగే చేస్తారు, కాని కడ్డీ యాంటెన్నా కొస నుంచి తరంగాలు బయటికి రావు. కడ్డీ చుట్టూ వ్యాపించే శక్తి ఆకారం గారెలా ఉంటుంది. గారె మధ్య చిల్లులోంచి కడ్డీ నిలువుగా పోయినట్టు ఊహించుకోండి. బలమంతా పక్కలకు ఉంటుంది, చిల్లు ఉన్న దిశలో దాదాపు ఏమీ ఉండదు. మీరు కొసను విమానం వైపు పెట్టినప్పుడల్లా ఆ చిల్లును విమానానికి చూపిస్తున్నారు. అక్కడ 20 డీబీ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పోవచ్చు. చేయవలసినది చాలా చిన్న పని: యాంటెన్నాను మోకీలు దగ్గర వంచి, దాని పక్క భాగం విమానానికి ఎదురుగా ఉండేలా పెట్టుకోండి. ట్రాన్స్‌మిటర్‌ను ఛాతీకి ఆనించుకుని విమానానికి వీపు తిప్పే అలవాటు ఉంటే అది కూడా మానుకోవాలి. మనిషి శరీరం చాలావరకు నీరే, ఈ పౌనఃపున్యాన్ని అది బాగా పీల్చుకుంటుంది.

రెండవది, రిసీవర్ తీగలు. ఆ తీగల్లో పనిచేసేది చివరన కవచం లేకుండా బయటికి కనిపించే 31 మిల్లీమీటర్లు మాత్రమే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో అది నాలుగో వంతు. మిగతాదంతా ఆ ముక్కకు దారి చూపే కేబుల్. రెండు తీగలు ఇచ్చింది విమానం ఏ భంగిమలో ఉన్నా ఒకటి కాకపోతే ఇంకొకటి వింటుందని. మీరు రెండింటినీ ఒకే దిశలో, అది కూడా కార్బన్ గొట్టం పక్కన అతికించారు. కార్బన్ పీచు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. లోహపు గొట్టం పక్కన పెట్టినా, దాని పక్కన పెట్టినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. నేరుగా ఎగిరేటప్పుడు పక్క నుంచి చేరే సంకేతంతో ఎలాగో గట్టెక్కుతారు. మలుపులో రెక్క వాలి, తోక మీ వైపు తిరిగినప్పుడు రెండు తీగల కొసలూ మీ వైపే చూస్తాయి, పైగా వాటి మీద గొట్టం నీడ పడుతుంది. మీ విమానం మలుపుల్లోనే మాట వినకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నేను అనుకుంటున్నాను. తీగలను ఒకదానికొకటి లంబంగా, ఒకటి బాడీకి అడ్డంగానూ మరొకటి నిలువుగానూ, కార్బన్‌కు బ్యాటరీకి మోటారు తీగలకు వీలైనంత దూరంగా అమర్చండి. బాల్సా చెక్క ఈ తరంగాలకు అడ్డు కాదు కాబట్టి సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చి చెక్క లోపలే నిలబెట్టవచ్చు. కొస ముక్కను మడవకూడదు, కత్తిరించకూడదు.

మూడవది మీరు అనుమానించనిది: రిసీవర్‌కు అందే కరెంటు. మలుపులో రెక్కల సర్వోలు, తోక సర్వో (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) ఒకేసారి బరువు లాగుతాయి. మోటారు నియంత్రికలో ఉండే చిన్న బీఈసీ (పెద్ద బ్యాటరీ నుంచి రిసీవర్‌కు, సర్వోలకు సరిపడా వోల్టేజీ ఇచ్చే భాగం) ఆ క్షణంలో అడిగినంత కరెంటు ఇవ్వలేకపోతే వోల్టేజీ కుంగుతుంది, సుమారు 3.5 వోల్ట్ల కిందికి దిగితే చాలా రిసీవర్లు ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మేల్కొంటాయి. కింద నిలబడిన మనకు అది సంకేతం పోయినట్టే కనిపిస్తుంది. ఎంత శక్తివంతమైన ట్రాన్స్‌మిటరూ నిద్రపోయిన రిసీవర్‌ను లేపలేదు. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు: ప్రొపెల్లర్ తీసేసి, రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చోట వోల్ట్‌మీటర్ పెట్టి, కర్రలన్నీ ఒకేసారి వేగంగా తిప్పుతూ, సర్వో చేతులను వేలితో కొంచెం అడ్డుకుంటూ వోల్టేజీ చూడండి. 5 వోల్ట్ల నుంచి కొద్దిగా తగ్గితే పరవాలేదు. 4 దగ్గరికి వస్తుంటే విడిగా మెరుగైన బీఈసీ పెట్టుకోవలసిందే. మీ సెట్‌లో లాగ్ సౌకర్యం, అంటే విమానం పంపే కబుర్లను నమోదు చేసుకునే వీలు, ఉంటే ఇంకా మేలు. విమానం మాట వినని క్షణంలో సంకేత బలం పడిపోయి వోల్టేజీ నిలకడగా ఉంటే తప్పు యాంటెన్నాలది. వోల్టేజీ కుంగితే తప్పు కరెంటుది.

మామిడి తోపు కూడా పాపంలో పాలు పంచుకుంటోంది, అయితే కొంతే. ఆకుల్లోని తేమ 2.4 గిగాహెర్ట్జ్‌ను మింగుతుంది, వాన వెలిసిన వెంటనే మరీను. చెట్లు నేరుగా అడ్డు రాకపోయినా, ట్రాన్స్‌మిటర్‌కూ విమానానికీ మధ్య గీసిన గీత చుట్టూ కొంత ఖాళీ కావాలి. 300 మీటర్ల దూరానికి మధ్యలో ఆ ఖాళీ మూడు మీటర్ల పైన ఉండాలి. తోపు పైనుంచి విమానం కనిపిస్తోంది కదా అని ఆకులను ఒరుసుకుంటూ తిప్పితే సంకేతం సగం తోపులోనే ఇంకిపోతుంది. గట్టు మీద నిలబడి, తోపును వెనక పెట్టుకుని ఎగరేయండి.

పంపే శక్తి ఒక్కటే చాలదని చెప్పడానికి మన దగ్గరే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, వాతావరణపు పై పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 1990ల తొలి ఏళ్లలో నెలకొల్పినప్పుడు దాని గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. అంత శక్తి ఉన్నా గాలి పొరల కదలికల నుంచి తిరిగివచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని పట్టుకోవడానికి సుమారు 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలను పరచవలసి వచ్చింది. పంపడంలో ఎంత శ్రద్ధ పెట్టారో వినడంలో అంతకు తగ్గని శ్రద్ధ పెట్టారు. ఆ రాడార్ వల్ల విమానాలు పడిపోతాయని కొందరు అనుకుంటారు కానీ అది 53 మెగాహెర్ట్జ్ మీద, ప్రధానంగా ఆకాశం వైపు చూస్తూ పనిచేస్తుంది. మీ పట్టీకి అది చాలా దూరం. మీ ఊళ్లో చెనక్కాయ చేలో పడిన విమానానికి దానితో సంబంధం లేదు. అలాగని ఆ ప్రాంగణం పైన ఎగరేయమని కాదు.

మరమ్మతులన్నీ అయ్యాక పైకి పంపే ముందు రేంజ్ చెక్ చేయండి. సెట్ మెనూలో ఆ ఎంపిక నొక్కితే శక్తి బాగా తగ్గిపోతుంది. తయారీదారు పుస్తకంలో చెప్పినంత దూరం, సాధారణంగా ముప్పై అంగలు, నడిచి వెళ్లి సర్వోలు తడబడకుండా కదులుతున్నాయో లేదో చూడాలి. దీనిని చాలామంది విమానాన్ని నేల మీద పెట్టి ముగించేస్తారు. అలా కాకుండా ఇంకొకరు విమానాన్ని గట్టిగా పట్టుకుని, ప్రొపెల్లర్‌కు దూరంగా చేతులుంచుకుని, మోటారు నడుస్తుండగా ముక్కు మీ వైపు, తోక మీ వైపు, రెక్క కిందికి, బొర్లా, ఇలా అన్ని భంగిమల్లో తిప్పాలి. మీ అసలు జబ్బు మలుపులో ఉంది కనుక నేల మీద బుద్ధిగా కూర్చున్న విమానం దానిని బయటపెట్టదు. ఏదైనా ఒక భంగిమలో తడబాటు కనిపిస్తే తీగల అమరికను మళ్లీ మార్చండి.

ఫెయిల్‌సేఫ్, అంటే సంకేతం తెగినప్పుడు విమానం ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే అమరిక, చూసుకున్నారో లేదో మీరు రాయలేదు. సంకేతం పోయినప్పుడు చివరి ఆదేశాన్నే పట్టుకుని వేలాడే సెట్లు ఇంకా ఉన్నాయి. పూర్తి వేగంలో పోతుండగా సంకేతం తెగితే అదే వేగంతో పోయి ఎవరి మీదైనా పడవచ్చు. మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ప్రొపెల్లర్ తీసేసిన విమానం ముందు ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసి చూడండి. చేలో కూలి పనివాళ్లు ఉండే చోట ఈ ఒక్క పరీక్షను మిగతా అన్నింటికంటే ముఖ్యమైనదిగా నేను లెక్కపెడతాను.

ఇంత చేశాక కూడా ఇంకా దూరం పంపాలనిపిస్తే, మీ కళ్ల సంగతి ఆలోచించండి. 1.4 మీటర్ల రెక్క 300 మీటర్ల దూరంలో పావు డిగ్రీకి కొంచెం ఎక్కువగా, అంటే నిండు చంద్రుడి వెడల్పులో దాదాపు సగంగా కనిపిస్తుంది. 600 మీటర్లకు అందులో సగం. అప్పుడు అది మీ వైపు వస్తోందో మీ నుంచి పోతోందో చెప్పడం కష్టం. 2021 డ్రోన్ నిబంధనలు కూడా 25 కిలోలకు మించని బరువుతో, విద్య, పరిశోధన లేదా వినోదం కోసం, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేదానినే మోడల్ అని నిర్వచించి, దానికి టైప్ సర్టిఫికెట్ (నమూనాను పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం) అక్కరలేదన్నాయి. కంటి హద్దు దాటిస్తే ఆ వెసులుబాటు పోతుంది. కంటి హద్దు లోపల 100 మిల్లీవాట్లు ధారాళంగా సరిపోతాయి. 866 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ కూడా మీకు అక్కరలేదని పైన అన్నది అందుకే.

లైసెన్సు మినహాయింపులో సాధారణంగా విస్మరించే షరతు ఒకటి ఉంది. ఈ పట్టీలను అందరూ పంచుకోవాలి. మీరు ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల మీకు అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కు లేదు. పక్కింటి వైఫై వల్ల విమానం పడిందని ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. తిరుపతి లాంటి ఊళ్లో, లాడ్జీలు కిక్కిరిసిన వీధుల పక్కన, 2.4 గిగాహెర్ట్జ్ ఎంత రద్దీగా ఉంటుందో మీ ఫోన్‌లో కనిపించే వైఫై పేర్ల జాబితా చూస్తే చాలు. ఊరికి దూరంగా జరగడం వల్ల కలిగే లాభం ఏ బూస్టర్ వల్లా కలగదు.

తిరుపతిలో ఎక్కడ ఎగరేయాలన్నది వాట్లతో సంబంధం లేని విషయం, అక్కడ హద్దులు ఇంకా కఠినం. రేణిగుంటలోని విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల నేల నుంచే ఆంక్షలున్నాయి. అక్కడ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల ఎత్తు వరకు, ఆ పైన దూరమైతే 120 మీటర్ల ఎత్తు వరకు ఆకుపచ్చ మండలం, అంటే ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కరలేని చోటు. కొలవవలసింది రోడ్డు దూరం కాదు, గీత గీసినట్టు నేరుగా ఉండే దూరం. బస్సు టికెట్ మీద ఉన్న కిలోమీటర్లను నమ్ముకుంటే మోసపోతారు. తిరుమల కొండ మీద డ్రోన్లు నిషిద్ధం. బాల్సా చెక్కతో చేసినది డ్రోన్ కాదనే వాదన అలిపిరి దగ్గర నిలవదు, కొండ పాదం వైపు కూడా వెళ్లకండి. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు వచ్చాక దొరికే బీడు భూముల్లో, యజమానిని అడిగి ఎగరేయడం అందరికీ సుఖం. మీ మిత్రులతో చోటు ఖాయం చేసుకున్నాక కూడా ఎగరేసే రోజు ఉదయం ఈ మండలాలను చూపే గగనతల పటాన్ని మళ్లీ చూడండి. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఏ చోటునైనా 96 గంటల వరకు తాత్కాలిక ఎరుపు మండలంగా, అంటే ఎగరేయడం నిషిద్ధమైన చోటుగా, ప్రకటించవచ్చు, పెద్దల రాకపోకలు తరచుగా ఉండే తిరుపతిలో అలాంటి ప్రకటనకు అవకాశం మీ ఊళ్లో కంటే ఎక్కువ.